ఋతువుల వారీ కూరగాయల పులుసు

ఋతువుల వారీ కూరగాయల పులుసు అనగా ఆయా కాలాలలో దొరికే కూరగాయలను, దుంపలను, ఆకుకూరలను చింతపండు రసంలో గాని, మజ్జిగ, మామిడికాయ వంటి మరొక పుల్లని పదార్థంతో గాని ఉడికించి తయారుచేసే తెలుగువారి వంటకం. ఒకే విధానంలో వండినప్పటికీ, ఇందులో వేసే కూరగాయలు, పులుపు, కారం, చిక్కదనం కాలాన్ని బట్టి మారుతూ ఉంటాయి. ఆంధ్ర ప్రదేశ్, నంద్యాల జిల్లాలోని కోయిలకుంట్ల, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో దీనిని జొన్నరొట్టె, సంగటి, కొర్రన్నం, వరి అన్నంతో కలిపి తింటారు. కాలానికి తగిన ఆహారం తీసుకోవాలన్న ఆయుర్వేద నియమాన్ని ఋతుచర్య అంటారు. ఈ పులుసులో జరిగే మార్పులలో చాలావాటిని ఋతుచర్య సూత్రాలతో వివరించవచ్చు. కొన్ని మాత్రం ఆ సూత్రాలకు విరుద్ధంగా ఉంటాయి. చైనా సంప్రదాయ వైద్యంలో కూడా ఋతువును బట్టి కూరగాయల సూపులను మార్చే పద్ధతి ఉంది.

పేరు, రకాలు

పులుసు అనే మాట పులుపుకు సంబంధించిన ద్రావిడ ధాతువు నుండి వచ్చింది. తమిళంలో పుళి, కన్నడంలో హుళి అనే మాటలు దీనికి జ్ఞాతి పదాలు. తెలుగునాట పుల్లని ద్రవ వంటకాలకు చిక్కదనాన్ని బట్టి, వండే తీరును బట్టి వేర్వేరు పేర్లున్నాయి.

- చారు: పలుచగా ఉంటుంది. ముక్కలు తక్కువ, లేదా అసలు ఉండవు. మిరియాల చారు, వేపపువ్వు చారు, ఉలవచారు ఇందులోని రకాలు.
- ముక్కల పులుసు: కూరగాయ ముక్కలు ఎక్కువగా వేసి, పిండి కలిపి కొంత చిక్కబరుస్తారు.
- దప్పళం: పెద్ద పెద్ద ముక్కలు, అనేక రకాల కూరగాయలు కలిపి వండే పులుసు. సంక్రాంతి రోజులలో గుమ్మడికాయ దప్పళం ప్రసిద్ధం.
- పప్పుచారు: ఉడికించిన కందిపప్పు కలిపినది.
- మజ్జిగ పులుసు: చింతపండుకు బదులు పుల్లని మజ్జిగతో చేసేది.
- పచ్చి పులుసు: పొయ్యి మీద కాచకుండా చింతపండు రసంలో ఉల్లిపాయ, మిరపకాయ కలిపి చేసేది.
- పుల్లగూర: ఆకుకూరను పులుపుతో ఉడికించి మెత్తగా ఎనిపిన రాయలసీమ వంటకం. ఇది పులుసు కంటె గట్టిగా ఉంటుంది.

కూరగాయల పేర్లు ప్రాంతాన్ని బట్టి మారుతాయి. కోస్తాలో చిలగడదుంప అనే దుంపను రాయలసీమలో గెణుసుగడ్డ అంటారు. ఉల్లిపాయ ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ అవుతాయి. కోస్తాలో ఆనపకాయ అంటే సొరకాయ. రాయలసీమలో అనపకాయ అంటే గింజల కోసం పండించే ఒక జాతి చిక్కుడు. వంటల పుస్తకాలు చదివేవారు ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలి.

ప్రాంతము, పంటలు

కోయిలకుంట్ల పూర్వం కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు ఆ జిల్లాలో చేరింది. తూర్పున నల్లమల కొండలు, పడమట ఎర్రమల కొండలు ఉండగా మధ్యలోని మైదానం గుండా కుందేరు (కుందూ నది) ప్రవహించి పెన్నా నదిలో కలుస్తుంది. ఈ మైదానంలో నల్లరేగడి భూములు ఎక్కువ. నల్లరేగడి వాన నీటిని చాలాకాలం తనలో నిలుపుకుంటుంది. అందువలన వానలు వెనుకబట్టిన తరువాత కూడా, నేలలోని తేమతోనే శనగ, జొన్న వంటి పంటలు పండుతాయి. కుందేరు వెంబడి, కర్నూలు - కడప కాలువ క్రింద వరి, కూరగాయలు పండిస్తారు.

నంద్యాలలో 1906లో నెలకొల్పిన వ్యవసాయ పరిశోధనా స్థానం పత్తి, జొన్న, కొర్ర, శనగ పంటలలో అనేక వంగడాలను రూపొందించింది. కొర్రలో సూర్యనంది, శనగలో ధీర ఇక్కడి నుండి వచ్చినవే.

ఈ పంటల తీరు వంటను నిర్ణయించింది. జొన్నరొట్టె, సంగటి పొడిగా, గట్టిగా ఉండే ఆహారాలు. వాటిని మింగడానికి ద్రవంగా ఉండే ఆదరువు అవసరం. వానాధార ప్రాంతంలో ఏడాది పొడవునా ఒకే కూరగాయ దొరకదు. కాని చింతపండు మాత్రం ఒకసారి కాయ కొట్టి, గింజ తీసి నిలవచేస్తే ఏడాదంతా ఉంటుంది. మారని చింతపండు, మారే కూరగాయ - ఈ రెండింటి కలయికే ఈ పులుసు.

చరిత్ర

ధాన్యాలను, పప్పులను ఉడికించి చేసే ద్రవాహారాలను ఆయుర్వేద గ్రంథాలు విస్తారంగా వర్ణించాయి. పప్పుల నుండి తీసిన కట్టును యూషం అంటారు. ఉప్పు, నెయ్యి, కారపు దినుసులు లేకుండా చేసినది అకృత యూషం, అవి చేర్చి చేసినది కృత యూషం. పంచకర్మ చికిత్స తరువాత రోగికి పేయ, విలేపి, అకృత యూషం, కృత యూషం అనే వరుసలో ఆహారాన్ని క్రమంగా పెంచాలని చెప్పబడినది. నేటి పప్పుచారు, ముక్కల పులుసు ఈ కృత యూషానికి దగ్గరగా ఉన్నాయి.

తెలుగు సాహిత్యంలో ఋతువును బట్టి భోజనం మార్చడానికి ప్రసిద్ధమైన ఆధారం శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509 - 1529) రచించిన ఆముక్తమాల్యద. ఈ కావ్యం ప్రథమాశ్వాసంలో విష్ణుచిత్తుడు తన ఇంటికి వచ్చిన వైష్ణవులకు మూడు కాలాలలో మూడు విధాలైన భోజనాలు పెట్టినట్లు కవి వర్ణించాడు. వానాకాలంలో వరి అన్నం, పప్పు, పొరటిన కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి ఉన్నాయి. వేసవిలో గోరువెచ్చని అన్నం, తియ్యని చారులు, పలుచని అంబలి, చెరకురసం, కొబ్బరి నీరు, పండ్లు, పలుచని మజ్జిగ ఉన్నాయి. చలికాలంలో కొత్తబియ్యపు అన్నం, మిరియపు పొడి వేసిన వేడి కూరలు, ముక్కుకు ఘాటెక్కే ఆవ పచ్చళ్ళు, పాయసం, వేడి నెయ్యి, పాలు ఉన్నాయి. వేసవిలో ద్రవం, చలువ. చలికాలంలో వేడి, కారం, జిడ్డు అన్న ఈ క్రమం ఋతుచర్యకు సరిపోతుంది. కథ జరిగినది తమిళదేశంలోని శ్రీవిల్లిపుత్తూరులో అయినా, పేర్కొన్న వంటకాలు తెలుగువారికి పరిచితమైనవే. రాయలు కళింగ దండయాత్ర కాలంలో ఆళ్లగడ్డకు సమీపంలోని అహోబిలాన్ని దర్శించి కానుకలు సమర్పించాడు.

ఆముక్తమాల్యదలో చలికాలపు కారం మిరియాలది, మిరపకాయది కాదు. మిరప, టమాటా, గెణుసుగడ్డ, తీపి గుమ్మడి అమెరికా ఖండాల మొక్కలు. యూరోపు నావికుల రాకపోకల తరువాతనే ఇవి భారతదేశంలో వ్యాపించాయి. వంకాయ, దోస, బూడిద గుమ్మడి, మునగ ఆసియాకు చెందినవి. బెండ ఆఫ్రికా నుండి వచ్చినది. చింత కూడా ఆఫ్రికా మూలం గలదే అయినా చాలా పూర్వకాలం నుండి ఈ దేశంలో పెరుగుతూ ఉంది. అరబ్బులు దీనిని 'భారతదేశపు ఖర్జూరం' అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు. ఆ విధంగా సంక్రాంతి దప్పళంలో నేడు తప్పనిసరి అనుకునే గుమ్మడి, గెణుసుగడ్డలు ప్రాచీన వైద్య గ్రంథాల కాలంలో ఈ దేశంలో లేవు. కొత్తగా వచ్చిన కూరగాయలను ప్రజలు పాత సూత్రాల చట్రంలో 'వేడి', 'చలువ' అని విభజించుకొని వంటలో చేర్చుకున్నారు.

ఆయుర్వేద దృష్టి

చరక సంహిత సూత్రస్థానంలోని ఆరవ అధ్యాయం, వాగ్భటుని అష్టాంగ హృదయం సూత్రస్థానంలోని మూడవ అధ్యాయం ఋతుచర్యను వివరిస్తాయి. వీటి ప్రకారం సంవత్సరంలో ఆరు ఋతువులు, రెండు భాగాలు ఉన్నాయి. శిశిర, వసంత, గ్రీష్మాలు ఆదానకాలం. ఈ కాలంలో సూర్యుడు ప్రాణుల బలాన్ని గ్రహిస్తాడని భావన. వర్ష, శరత్, హేమంతాలు విసర్గకాలం. ఈ కాలంలో బలం తిరిగి చేకూరుతుందని చెబుతారు.

దోషాల విషయంలో ఈ క్రమం చెప్పబడినది.

- కఫం చలికాలంలో చేరి వసంతంలో ప్రకోపిస్తుంది.
- వాతం గ్రీష్మంలో చేరి వర్షఋతువులో ప్రకోపిస్తుంది.
- పిత్తం వర్షఋతువులో చేరి శరత్తులో ప్రకోపిస్తుంది.

జఠరాగ్ని (జీర్ణశక్తి) హేమంతంలో బలంగా, వర్షఋతువులో బలహీనంగా ఉంటుందని గ్రంథాలు చెబుతున్నాయి. ఆహారంలోని ఆరు రుచులు - తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు - ఈ దోషాలను పెంచడం గాని, తగ్గించడం గాని చేస్తాయి. స్థూలంగా తీపి, పులుపు, ఉప్పు వాతాన్ని తగ్గిస్తాయి. తీపి, చేదు, వగరు పిత్తాన్ని తగ్గిస్తాయి. కారం, చేదు, వగరు కఫాన్ని తగ్గిస్తాయి. ఒక ఋతువు చివరి ఏడు రోజులు, తరువాతి ఋతువు మొదటి ఏడు రోజులు కలిపి ఋతుసంధి అవుతుంది. ఈ రోజులలో పాత అలవాటును కొద్దికొద్దిగా విడిచి కొత్తదానిని కొద్దికొద్దిగా అలవరచుకోవాలని వాగ్భటుడు సూచించాడు.

పులుసుకు ఆధారమైన చింతపండును ఆయుర్వేదం రెండు విధాలుగా చూస్తుంది. పచ్చి చింతకాయ పిత్తాన్ని, కఫాన్ని పెంచుతుంది. పండిన చింతపండు ఉష్ణస్వభావం కలది, ఆకలి పుట్టిస్తుంది, వాత కఫాలను తగ్గిస్తుంది, విరేచనం సాఫీగా చేస్తుంది. కొత్త చింతపండు కంటె పాత చింతపండు మేలని తెలుగు ఇళ్ళలో అనుకోవడం ఉంది. 'వేడి చేసింది', 'చలువ చేస్తుంది', 'వాతం చేస్తుంది', 'పైత్యం' అనే వాడుక మాటలు ఈ సిద్ధాంతం ప్రజల భాషలో నిలిచిన రూపాలు.

ఋతువుల వారీగా పులుసు

వసంతం

వసంతంలో బరువైన, జిడ్డైన, తియ్యని, పుల్లని ఆహారం తగ్గించి చేదు, కారం, వగరు రుచులు తీసుకోవాలని గ్రంథాలు చెబుతున్నాయి. ఉగాది నాటికి వేపచెట్లు పూస్తాయి. పువ్వును ఎండబెట్టి నేతిలో వేయించి వేపపువ్వు చారు చేస్తారు. ఇది ఋతుచర్యకు సరిపోతుంది. అయితే ఇదే కాలంలో చింతచిగురు, పచ్చి మామిడికాయ కూడా వస్తాయి. వీటితో పప్పు, పులుసు విరివిగా చేస్తారు. పులుపు తగ్గించాలన్న నియమానికి ఇది విరుద్ధం.

గ్రీష్మం

తియ్యని, చల్లని, ద్రవరూపమైన ఆహారం ఈ ఋతువుకు చెప్పబడినది. ఉప్పు, పులుపు, కారం తగ్గించాలి. ఈ ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. సొరకాయ, దోసకాయ, బూడిద గుమ్మడి వంటి నీరు ఎక్కువగా ఉండే కాయలతో మజ్జిగ పులుసు చేస్తారు. చింతపండు పులుసు చేసినా పలుచగా, కొద్దిగా బెల్లం వేసి చేస్తారు. పొయ్యి అవసరం లేని పచ్చి పులుసు కూడా ఈ కాలపు వంటకమే.

వర్షఋతువు

జీర్ణశక్తి మందగించే ఈ కాలంలో పులుపు, ఉప్పు, నెయ్యి కొంత ఎక్కువగా తీసుకోవాలని, పాత ధాన్యంతో పాటు దినుసులు చేర్చిన యూషాలు వాడాలని చరకుడు స్పష్టంగా చెప్పాడు. మిరియాల చారు, ఉలవచారు ఈ నియమానికి చక్కగా సరిపోయే వంటకాలు. బెండకాయ, బీరకాయ, గోరుచిక్కుడు, కాకరకాయ, గోంగూర ఈ కాలంలో వస్తాయి. ముసురు పట్టి తాజా కూరగాయలు దొరకనప్పుడు వేసవిలో ఎండబెట్టిన వరుగులను నానబెట్టి పులుసులో వేస్తారు. వంకాయ, గోరుచిక్కుడు, దోస, మామిడి వరుగులు ఇందుకు పనికివస్తాయి. చాతుర్మాస్య వ్రతం పాటించేవారు మొదటి నెలలో కూరగాయలను, చివరి నెలలో పప్పుధాన్యాలను విడిచిపెడతారు.

శరత్తు

పిత్తం ప్రకోపించే కాలం కాబట్టి తేలికగా, చల్లగా, తీపి, చేదు రుచులతో ఆహారం ఉండాలని చెబుతారు. కారం, పులుపు తగ్గించి సొరకాయ, పొట్లకాయ, బచ్చలి వంటి వాటితో పులుసు చేయడం దీనికి అనుగుణంగా ఉంటుంది. కార్తీక మాసంలో ఉసిరికాయ వస్తుంది. చింతపండుకు బదులు ఉసిరితో పులుపు చేర్చడం కూడా ఉంది. ఆయుర్వేదం ప్రకారం ఉసిరి పుల్లనిదైనా పిత్తాన్ని పెంచదు.

హేమంత, శిశిరాలు

ఆకలి బలంగా ఉండే ఈ కాలంలో తీపి, పులుపు, ఉప్పు, జిడ్డు కలిగిన బలమైన ఆహారం తీసుకోవచ్చు. తీపి గుమ్మడి, గెణుసుగడ్డ, ముల్లంగి, వంకాయ, చిక్కుడు, అనపగింజలు, పచ్చి కందికాయలు ఈ కాలంలోనే వస్తాయి. అన్నీ కలిపి నువ్వులపొడి గాని, పిండి గాని చేర్చి చిక్కగా దప్పళం చేస్తారు.

శనగ పండే భూములలో ఈ కాలపు ప్రత్యేకత శనగాకు. పైరు మొగ్గ తొడగక ముందు లేత కొనలను గిల్లి కూరకు వాడతారు. కొనలు గిల్లడం వలన మొక్కకు పక్కకొమ్మలు పెరుగుతాయి. శనగ మొక్క ఆకుల మీది నూగు నుండి మాలిక్ ఆమ్లం, ఆక్జాలిక్ ఆమ్లం స్రవిస్తాయి. అందువలన ఆకు స్వతహాగా పుల్లగా ఉంటుంది, చింతపండు తక్కువ వేసినా సరిపోతుంది. తెల్లవారుజామున మొక్కల మీద పలుచని గుడ్డ పరచి, మంచుతో కలిసిన ఈ పులుపును పిండి నిలవచేసే పద్ధతి దక్కను ప్రాంతంలో ఉండేది. సంస్కృతంలో దీనిని చణకామ్లం అంటారు.

పంచాంగ ఋతువు, పొలంలోని ఋతువు

పంచాంగం ప్రకారం చైత్ర, వైశాఖ మాసాలు వసంతం. కాని కోయిలకుంట్ల ప్రాంతంలో ఫాల్గుణం నాటికే ఎండలు ముదురుతాయి, వైశాఖం తీవ్రమైన వేసవి. ఆషాఢం పేరుకు గ్రీష్మమే అయినా నైరుతి ఋతుపవనాల వలన అప్పటికే వానలు పడుతుంటాయి. ఆశ్వయుజ, కార్తీకాలలో గ్రంథాలు చెప్పే నిర్మలమైన శరత్తుకు బదులు ఒక్కొక్క ఏడాది ఈశాన్య ఋతుపవనాల వానలు ఉంటాయి. కనుక నెలల పేర్లను బట్టి ఋతుచర్యను యథాతథంగా అన్వయిస్తే పొరపాటు జరుగుతుంది.

ఈ ఇబ్బందిని ప్రాచీన గ్రంథాలు కూడా గుర్తించాయి. ఆయుర్వేదం కాలంతో పాటు దేశాన్ని కూడా లెక్కలోకి తీసుకొని భూములను జాంగల, ఆనూప, సాధారణ అని మూడు విధాలుగా విభజించింది. నీరు, చెట్లు తక్కువగా ఉండి గాలి, ఎండ ఎక్కువగా ఉండే జాంగల దేశపు లక్షణాలు ఈ మైదానానికి దగ్గరగా ఉన్నాయి. జాంగల దేశంలో వాతం అధికమని, పులుపు, ఉప్పు, జిడ్డు వాతాన్ని తగ్గిస్తాయని సిద్ధాంతం. వసంత, గ్రీష్మాలలో కూడా ఇక్కడివారు పులుపును పూర్తిగా మానకపోవడాన్ని ఈ విధంగా వివరించవచ్చు. అంతకంటె సరళమైన కారణం కూడా ఉంది. చింతచిగురు, మామిడికాయ ఆ కాలంలోనే కాస్తాయి, ఇతర కూరగాయలు ఆ కాలంలోనే కొరతగా ఉంటాయి. గ్రంథానికి, పొలానికి పేచీ వచ్చినప్పుడు వంటింట్లో పొలం మాటే చెల్లింది.

చైనా సంప్రదాయ వైద్యంతో పోలిక

చైనా సంప్రదాయ వైద్యం ఆహార పదార్థాలను చల్లని, చలువ, వెచ్చని, వేడి అనే నాలుగు స్వభావాలుగా, ఐదు రుచులుగా విభజిస్తుంది. ఏ స్వభావమూ ప్రబలంగా లేనివాటిని సమస్వభావం కలవి అంటారు. ప్రాచీన గ్రంథం హువాంగ్‌ది నెయిజింగ్ ఋతువులకు, శరీరావయవాలకు సంబంధం చెబుతుంది. వసంతానికి కాలేయం, వేసవికి గుండె, వేసవి చివరి కాలానికి ప్లీహం, శరత్తుకు ఊపిరితిత్తులు, శీతకాలానికి మూత్రపిండాలు సంబంధించినవని ఆ సిద్ధాంతం. వసంత, గ్రీష్మాలలో యాంగ్‌ను, శరత్, శీతకాలాలలో యిన్‌ను పోషించాలని అందులో చెప్పబడినది. 7వ శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావో వైద్యుడు ముందు ఆహారంతో చికిత్స చేయాలని, అది చాలనప్పుడే మందులు వాడాలని బోధించాడు.

రెండు సంప్రదాయాలకు ఉమ్మడిగా కనిపించే కూరగాయ బూడిద గుమ్మడి. ఆయుర్వేదంలో కూష్మాండం పిత్తాన్ని తగ్గించే చల్లని కాయ. చైనాలో కూడా దీనిని చలువ చేసే కాయగా భావించి వేసవిలో సూపు చేసుకుంటారు. అయితే అన్నింటిలోనూ ఇటువంటి ఏకాభిప్రాయం లేదు. పచ్చి ముల్లంగిని చైనా వైద్యం చలువ పదార్థంగా పరిగణిస్తే, ఆయుర్వేదం దానిని ఉష్ణవీర్యం కలదిగా చెబుతుంది. లేత ముల్లంగి దోషాలను తగ్గిస్తుందని, ముదిరినది పెంచుతుందని కూడా ఆయుర్వేదం భేదం చూపుతుంది. ఒకే దుంప ఒక పద్ధతిలో చలువ, మరొక పద్ధతిలో వేడి కావడాన్ని బట్టి ఈ మాటలు ఉష్ణమాపకంతో కొలిచే గుణాలు కావని, ఆయా సిద్ధాంతాలలోని వర్గీకరణలని తెలుసుకోవచ్చు.

తయారుచేయు విధానం

నలుగురికి సరిపడే ముక్కల పులుసుకు సుమారుగా ఈ క్రింది పదార్థాలు కావాలి.

- కాలానికి తగిన కూరగాయ ముక్కలు - అర కిలో
- చింతపండు - నిమ్మకాయంత (సుమారు 25 గ్రాములు)
- ఎర్రగడ్డలు - 2, పచ్చిమిరపకాయలు - 3 లేక 4
- బియ్యపు పిండి లేదా శనగపిండి - 2 చెంచాలు
- పసుపు, ఉప్పు, కొద్దిగా బెల్లం, కరివేపాకు, కొత్తిమీర
- తాలింపుకు నూనె, ఆవాలు, మెంతులు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, ఇంగువ

చింతపండును నానబెట్టి రసం తీయాలి. గట్టిగా ఉండే దుంపలను, గుమ్మడి ముక్కలను ముందుగా మంచినీటిలో ఉడికించాలి. సగం ఉడికిన తరువాత మెత్తని కాయలను చేర్చాలి. ముక్కలు మెత్తబడిన తరువాతనే చింతపండు రసం పోయాలి. పులుపు ముందుగా పోస్తే ముక్కలు, పప్పు త్వరగా ఉడకవు. మొక్కల కణాలను అంటిపెట్టుకుని ఉండే పెక్టిన్ అనే పదార్థం ఆమ్లంలో నెమ్మదిగా కరగడమే దీనికి కారణం. రసం మరిగిన తరువాత నీటిలో కలిపిన పిండిని పోసి, ఉప్పు, బెల్లం వేసి కొద్దిసేపు ఉంచి తాలింపు పెట్టాలి.

పులుసును మట్టికుండలో గాని, రాచ్చిప్పలో గాని, స్టీలు పాత్రలో గాని వండడం మంచిది. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో పులుపు వండితే లోహం కరిగి ఆహారంలో చేరుతుంది. అందుకే పూర్వం ఇత్తడి పాత్రలకు తరచుగా కళాయి పెట్టించేవారు.

పోషక విలువలు

కూరగాయలను నీటిలో ఉడికించినప్పుడు పొటాషియం వంటి ఖనిజాలు, నీటిలో కరిగే విటమిన్లు కొంతవరకు నీటిలోకి దిగుతాయి. ఆ నీటిని పారబోస్తే అవి నష్టమవుతాయి. పులుసులో ద్రవాన్ని కూడా తాగుతాము గనుక ఖనిజాలు దక్కుతాయి. విటమిన్ సి మాత్రం వేడికి కొంత నశిస్తుంది. జొన్న, కొర్ర, పప్పులలోని ఇనుమును శరీరం తక్కువగా గ్రహిస్తుంది. విటమిన్ సి, పుల్లని పదార్థాలలోని ఆమ్లాలు ఈ గ్రహణాన్ని మెరుగుపరుస్తాయి. కనుక జొన్నరొట్టెకు తోడుగా పుల్లని ఆకుకూర తినడం పోషకాహార దృష్టితో కూడా సబబైనదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలు రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తీసుకోవాలని, ఉప్పు 5 గ్రాములకు మించరాదని సూచిస్తున్నది. పైన చెప్పిన పులుసులో మనిషికి సుమారు 125 గ్రాముల కూరగాయలు వస్తాయి. పులుపును సరిచేయడానికి ఉప్పు ఎక్కువ వేసే అలవాటు ఉన్నందున, ఆ విషయంలో జాగ్రత్త అవసరం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, చింతపండు తిన్న బాలుర మూత్రంలో ఫ్లోరైడు విసర్జన పెరిగినట్లు గమనించారు. ఇది ఫ్లోరోసిస్‌కు చికిత్స అని దీని అర్థం కాదు. సురక్షితమైన మంచినీరే ఆ వ్యాధికి ముఖ్యమైన నివారణ.

పరిమితులు, జాగ్రత్తలు

వాత, పిత్త, కఫాలు ఋతువుతో పాటు పెరిగి తరుగుతాయన్నది సంప్రదాయ సిద్ధాంతం. ఆధునిక వైద్య పరీక్షలతో రుజువైన విషయం కాదు. ఋతువును బట్టి కూరగాయలు మార్చి తినడం వలన ఆహారంలో వైవిధ్యం పెరుగుతుంది, తాజా కూరగాయలు చవకగా దొరుకుతాయి. ఈ ప్రయోజనాలు సిద్ధాంతాన్ని నమ్మినవారికీ, నమ్మనివారికీ సమానమే. కాని పులుసును మందుగా భావించి వైద్యం మానుకోవడం ప్రమాదకరం. ముఖ్యంగా గమనించవలసినవి:

- మధుమేహం: కాకరకాయ పులుసు తింటున్నామని మాత్రలు, ఇన్సులిన్ మానరాదు. కాకర రక్తంలో చక్కెరను నమ్మకంగా అదుపు చేస్తుందనడానికి తగిన ఆధారాలు లేవు.
- మూత్రపిండాల వ్యాధి: పొటాషియం పరిమితి విధించబడిన రోగులకు కూరగాయలు ఉడికిన నీరు హాని చేయవచ్చు. వారు ముక్కలను వేరుగా ఉడికించి నీరు వంచివేయాలా అన్నది వైద్యుని అడిగి తెలుసుకోవాలి.
- మూత్రపిండాలలో రాళ్ళు: శనగాకు, గోంగూర, చుక్కకూర, పాలకూరలలో ఆక్జలేట్లు ఉంటాయి. పులుసులో నీరు పారబోయరు కాబట్టి అవి అందులోనే ఉంటాయి.
- రక్తపోటు: ఉప్పు తగ్గించి, కరివేపాకు, కొత్తిమీర, మిరియాలతో రుచి సరిచేసుకోవాలి.
- చేదు సొరకాయ: సొర, దోస జాతి కాయలు ఒక్కొక్కసారి చేదుగా ఉంటాయి. ఆ చేదు కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలది. చేదు సొరకాయ రసం తాగి మరణాలు సంభవించిన తరువాత భారత వైద్య పరిశోధనా మండలి నియమించిన నిపుణుల సంఘం అటువంటి రసాన్ని తాగరాదని హెచ్చరించింది. ఉడికించినా ఈ విషం పోతుందని నమ్మరాదు. వేపపువ్వు చేదు మేలని, అందువలన ప్రతి చేదూ మేలేనని అనుకోకూడదు. సొరకాయ ముక్కను వండే ముందు నాలుకకు తాకించి చూసి, చేదుగా ఉంటే పారవేయాలి.
- పురుగుమందులు: మందు కొట్టిన చేనులో శనగాకు గిల్లరాదు. గింజ కోసం పండించే పైరుకు కొట్టే మందులకు ఆకును తినే విషయంలో వేరే గడువు ఉండకపోవచ్చు. చేను యజమానిని అడగకుండా కోసిన ఆకు తినడం క్షేమం కాదు.

ఆయుర్వేద గ్రంథాలలో చెప్పిన పద్ధతిలో తయారుచేసి అమ్మే ఆహారాలకు భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022లో 'ఆయుర్వేద ఆహార' నిబంధనలను ప్రకటించింది. ఇవి అమ్మకానికి తయారుచేసే ఆహారాలకే వర్తిస్తాయి. చైనాలో ఆ దేశపు ఆరోగ్యశాఖ 2002లో ఆహారంగానూ, ఔషధంగానూ వాడదగిన 87 పదార్థాల జాబితాను ప్రకటించి, తరువాత దానిని విస్తరించింది.

మారుతున్న పరిస్థితులు

ఒకప్పుడు పులుసులోని కూరగాయను బట్టి ఏ కాలమో చెప్పగలిగేవారు. బోరుబావులు, రవాణా సదుపాయాలు, పత్తికొండ, మదనపల్లె వంటి టమాటా మార్కెట్ల వలన నేడు ఏడాది పొడవునా ఒకే రకం కూరగాయలు దొరుకుతున్నాయి. చింతపండుకు బదులు టమాటా వాడడం ఎక్కువైంది. వరుగులు పెట్టడం తగ్గింది. జొన్నలు, కొర్రలు పండిన భూములలో శనగ విస్తరించింది. నంద్యాల పరిశోధనా స్థానం రూపొందించిన ధీర వంటి వంగడాలు నిటారుగా, ఎత్తుగా పెరిగి యంత్రంతో కోతకు వీలుగా ఉంటాయి. దీనివలన రైతుకు కూలి ఖర్చు తగ్గింది. అదే సమయంలో పురుగుమందుల వాడకం వలన శనగాకు కూరగా పనికిరాకుండా పోయే పరిస్థితి ఏర్పడింది. చిరుధాన్యాలకు తిరిగి ఆదరణ తేవడానికి ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది.

ఋతువును అనుసరించే పులుసు నిలవాలంటే వంట విధానం తెలిసి ఉంటే చాలదు. ఆ కాలపు కూరగాయ ఆ ఊరి చేలలో, పెరళ్ళలో పండాలి, తినడానికి క్షేమంగా ఉండాలి. పెరటి సొరపాదు, చేను గట్టున అనప, మందు కొట్టని కొద్దిపాటి శనగ మడి ఉన్న ఇళ్ళలో ఈ వంటకం ఇప్పటికీ కాలంతో పాటు మారుతూనే ఉంది.